మొదటి నీళ్ళు మట్టికి

"ఈ కుండ దాని గుమ్మం మీద ముక్కలు చేసిందాకా నేను ముద్ద నోట పెట్టను! దేవుడి మీద ఒట్టు!"

నసిమియు జావకుండని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని వాకిట్లో బైఠాయించింది. అది సత్తుకుండ. కొడితే సొట్టపడుతుంది గానీ ముక్కలవదు. ఆ మాట ఆమెతో చెప్పగల మగవాడు ఆ సందులో ఇంకా పుట్టలేదు.

పొద్దున్నే వెళ్ళి, సందులో జావ అమ్ముకునే కమేనే కుంపటి మీంచి ఎత్తుకొచ్చిన కుండ అది. అడుగున చల్లారిన రాగిజావ గట్టిపడి అంటుకునే ఉంది. ఈగలు ముసురుతున్నాయి. నసిమియు వాటిని తోలడం లేదు. సాక్ష్యం కదా, వచ్చేపోయేవాళ్ళంతా చూడాలి.

లోపల మంచం మీద నంజాలా. నిన్నటిదాకా ఏటిగట్టున కలరా గుడారంలో చేతికి సెలైను సూదితో ఉండి, ఇవాళే ఇంటికొచ్చింది. పదేళ్ళ పిల్ల ముఖం ముసలమ్మ ముఖంలా పీక్కుపోయింది. మకోఖా కూతురి పక్కన కూర్చుని చెంచాతో ఉప్పు పంచదార నీళ్ళు పోస్తున్నాడు. ఒక చెంచా పోసి, అది దిగిందాకా పిల్ల గొంతుకేసి చూసి, అప్పుడు రెండోది ముంచుతున్నాడు.

"నాన్నా, అమ్మ ఎవర్ని తిడుతోంది?"

"ఎవర్నీ కాదు. తాగు."

"ముసెంబి వాళ్ళమ్మనా?"

మకోఖా చెంచా ముంచాడు.

"ఆమె మంచిదే నాన్నా. నన్ను డబ్బులడగదు."

చెంచాలో నీళ్ళు ఒలికి పిల్ల మెడ మీద పడ్డాయి. తన చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినంతసేపూ పిల్ల కళ్ళలోకి చూడలేదు.

"నంజాలా నాన్నా!" బయటినుంచి కేక. "నోట్లో నాలుక ఉందా, దాన్ని బస్సెక్కించి ఊరికి పంపించేశావా? కన్నకూతురు చచ్చి బతికింది. నువ్వు లోపల దాక్కుని చెంచా తిప్పుకుంటున్నావు!"

"పిల్ల దగ్గరుండాలి కదా."

"పిల్ల దగ్గర నేనుంటాను. నువ్వొచ్చి మగాడిలా నిలబడు. సందులో ఎవరైనా నీ మొహం చూసి ఒక మాట అనేటట్టు నిలబడు."

అతను గుమ్మం దాకా వచ్చి ఆగాడు. సందంతా అక్కడే ఉంది. ఇటు రేకుగోడ, అటు రేకుగోడ, మధ్యలో మురిక్కాలవ, దానికి రెండు గట్ల మీదా జనం. గుడారంలో ఇంకా కళ్ళు తెరవని పిల్లాడి తల్లి అకెలో, తలకి గుడ్డ కట్టుకుని అందరికంటే ముందు నిలబడి ఉంది. ఆవిడ అరవడం లేదు. అరిచే నసిమియుకంటే ఆ అరవని మనిషంటేనే మకోఖాకి భయంగా ఉంది.

"జావ వల్లే అని ఎవరు చూశారే?" అన్నాడు నసిమియుతో.

"చూడాలా? బడికి పోతూ దాని దగ్గర జావ తాగిన పిల్లలే పడ్డారు. రొట్టె తిని పోయినవాళ్ళకి చీమ కుట్టలేదు. దీనికి పెద్ద చదువులు కావాలా?"

"జావలో నీళ్ళుంటాయి. రాగులుంటాయి. ఏదైనా..."

"నీళ్ళా?" నసిమియు కుండ దింపి లేచింది. "నిన్న ఆ హెల్తు అమ్మాయి కూడా అదే అడిగింది. మీ సందులో నీళ్ళెక్కడివి అని. నాకు ఒళ్ళు మండింది. అమ్మాయ్, ఈ సందు తాగేది మా కుళాయి నీళ్ళు, చూడు, అద్దంలా ఉంటాయి, నా మొగుడు మొదటి నీళ్ళు ఒక్క చుక్క అమ్మనివ్వడు, అన్నీ మట్టికే, అన్నాను. గ్లాసు నిండా పట్టి దాని ముందే గటగటా తాగాను. అది రాసుకుని పోయింది."

జనంలో ఒకరిద్దరు తలూపారు. నిజమే. మకోఖా కుళాయంటే నమ్మకం.

మొదటి నీళ్ళు మట్టికి. మతారే లోయ మురికివాడలో కుళాయి పెట్టి నీళ్ళమ్మేవాడు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సిన మాట అది. పైపులన్నీ మురిక్కాలవలోనే పడుకుని ఉంటాయి. పైన పరిస్తే పోటీవాడు కోసేస్తాడు, అందుకని. అతుకుల దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉంటాయి. టౌనువాళ్ళు నీళ్ళు ఆపేసినప్పుడు పైపు ఖాళీ అయి, ఆ అతుకుల్లోంచి కాలవనంతా లోపలికి పీల్చుకుంటుంది. మళ్ళీ నీళ్ళొదిలినప్పుడు ముందు వచ్చేది ఆ కాలవే. వాసన పోయిందాకా నేలమీదకి వదలాలి. గొంతెండి లైన్లో నిలబడ్డవాళ్ళ కళ్ళముందే వదలాలి. వదిలినవాడు పెద్దమనిషి. వదలనివాడి కుళాయి ఆ ఏడాది దాటదు.

మకోఖా పెద్దమనిషి. అందరూ ఆ మాటే అంటారు.

అతను తిరిగి లోపలికి పోయి చెంచా పట్టుకున్నాడు.

*

పారబోసేదాంట్లోంచి చేసే దానం చాలా తేలిక. చేతికి బరువుండదు, మనసుకి మాత్రం నిండుగా ఉంటుంది.

కమేనే మొగుడు పోయిన కొత్తలో మొదలైంది. తెల్లారకముందే కుళాయి గొంతు సవరించుకునే వేళ, క్యాన్ పట్టుకుని వచ్చి నిలబడింది. "అన్నా, గిన్నెలు కడుక్కోడానికి ఆ పారబోసేవి పట్టుకుంటాను. కొనేవి వంటకే సరిపోవట్లేదు."

గిన్నెలకే కదా అనుకున్నాడు. పట్టుకోమన్నాడు. ఆ రోజంతా అతనికి కడుపు నిండినట్టుంది. నసిమియుకి చెప్పలేదు. చెబితే, ఇవాళ కమేనే, రేపు సందంతా అంటుంది.

తర్వాత ఆమె రెండు క్యాన్లు తెచ్చింది. తర్వాత గిన్నెల మాట ఎత్తడం మానేసింది. అతనూ అడగలేదు.

వానలు పట్టిన ఒక పొద్దున జావ తాగుదామని ఆమె గుమ్మం ముందు కూర్చున్నాడు. కుంపటి పక్కనే తను నింపిన క్యాన్ ఉంది, మూత తీసి. కమేనే దాన్ని వంచి కుండలో పోసింది. పోస్తూ వెనక్కి తిరిగి నవ్వింది. పులిసిన రాగిపిండి వాసనలో ఆ నీళ్ళ వాసన కలిసిపోయింది.

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. 'అమ్మా, ఆ నీళ్ళు తాగేవి కావు.'

ఆమె చేతిలో కొనే డబ్బుల్లేవు. చెబితే జావ ఆగిపోతుంది, జావ ఆగితే ఆమె పొయ్యి ఆగిపోతుంది. మరుగుతాయి కదా, మరిగితే అన్నీ చస్తాయి కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. చెప్పుకుని, కప్పు తీసుకోకుండా లేచాడు. కడుపులో మంటగా ఉందన్నాడు.

ఆ తర్వాత మళ్ళీ ఆ జావ ముట్టలేదు.

తను మానేశాడు. నంజాలాని మాన్పించలేదు. ఎందుకు మానాలి నాన్నా అని పిల్ల అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. పిల్ల అడగబోయే ఒక ప్రశ్నకి భయపడి, పిల్లనే ఆ కుండకి వదిలేశాడు.

*

గచోకా వచ్చేసరికి ఎండ రేకుల మీదకెక్కింది. ఆ ఇళ్ళ వరసలన్నిటికీ పెద్దాయన. ఇళ్ళ యజమాని ఎక్కడో టౌనులో ఉంటాడు, ఇక్కడ అతని చెయ్యీ నోరూ గచోకాయే. కర్ర ఆనించి కాలవ ఇవతల నిలబడ్డాడు.

"ఎందుకమ్మా ఆ కుండని మొగుణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నావు?"

"మొగుడికంటే ఇదే నయం పెద్దాయనా. కొడితే చప్పుడన్నా చేస్తుంది."

జనం నవ్వారు. అకెలో నవ్వలేదు. అది చూసి నవ్వినవాళ్ళు నోరు మూసుకున్నారు.

"మావాడు ఇంకా కళ్ళు తెరవలేదు పెద్దాయనా," అంది అకెలో. "నాకు గొడవ వద్దు. అది నా కళ్ళకి కనపడకపోతే చాలు. వాడికేమైనా అయితే నేనేం చేస్తానో నాకే తెలీదు."

గచోకా తల వంచుకుని కాసేపు కర్రతో మట్టి గీశాడు. "సరే. కమేనే ఇవాళే ఇల్లు ఖాళీ చెయ్యాలి. తలుపు ఊడదీసేద్దాం."

ఆ లోయలో ఖాళీ చేయించడమంటే అదే. తిట్టరు, తన్నరు, కోర్టుకి పోరు. తలుపు ఊడదీసి పట్టుకుపోతారు. తలుపు లేని ఇంట్లో ఆడదానివై ఎన్నాళ్ళుంటావో ఉండు.

"పెద్దాయనా!" మకోఖా గుమ్మం దాటాడు. "ఒక్క రోజు ఆగండి. కమేనే పిల్లాడు ముసెంబి కూడా గుడారం నుంచి ఇప్పుడే వచ్చాడు. లోపల లేవలేకుండా ఉన్నాడు. తెలిసి తెలిసి ఎవరన్నా కన్నకొడుక్కి పోస్తారా?"

"తెలిసి చేసిందని ఎవరన్నారు?" అన్నాడు గచోకా. "తెలియక చేస్తే పిల్లలు బతుకుతారా?"

"కాదు... ఇందులో ఇంకా వేరే..."

"వేరే ఏంటి?"

మకోఖా నోరు తెరిచాడు. అందరూ చూస్తున్నారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ అతని కళ్ళు అకెలో మీద పడ్డాయి. ఆమె కాళ్ళకి చెప్పుల్లేవు. గుడారం నుంచి అలాగే వచ్చేసినట్టుంది, మడమల మీద ఎర్రమట్టి ఎండిపోయి ఉంది.

ఆ ఖాళీలోకి నసిమియు దూకింది.

"వేరే ఏంటో నేను చెప్తాను! నోరు నొక్కుకుని చూస్తున్నా ఇన్నాళ్ళూ. తెల్లారకముందే నా పక్కలోంచి లేచి కుళాయి దగ్గరకి ఎందుకు పోతాడనుకున్నారు? నీళ్ళొస్తున్నాయా చూడ్డానికట! దాని క్యాన్ చప్పుడు నేను వినలేదా? చీకట్లో దాని గొంతు నేను వినలేదా? అన్నా అన్నా అని! ఆహా, ఏం అన్న!"

ఎవరో ఈల వేశారు. "అదా సంగతి!" అంది ఒక గొంతు. "కుళాయి ఒకరిది, క్యాన్ ఇంకొకరిది!" అంది మరో గొంతు. కాలవకి అటూ ఇటూ నవ్వులు పాకాయి.

"చెప్పు!" నసిమియు అతని చొక్కా పట్టుకుంది. ఆమె కళ్ళలో కోపం కరిగి నీళ్ళయింది. "కాదని చెప్పు నంజాలా నాన్నా. ఒక్కసారి కాదను, నోరు మూసుకుంటాను."

కాదంటే, మరి చీకట్లో ఏం జరిగేదో చెప్పాలి.

ఆ నిందే అతనికి నయమనిపించింది. రంకు అంటే సందు పది రోజులు నవ్వుతుంది, పదకొండో రోజు ఇంకొకడు దొరుకుతాడు. నీళ్ళు అలా కాదు. మనిషి ఎంత దిగజారతాడంటే, చెయ్యని తప్పు చాటున చేసిన తప్పుని దాచుకుంటాడు.

నసిమియు చొక్కా వదిలేసింది. వదిలి, చేతిని పావడాకి తుడుచుకుంది.

గచోకా దగ్గాడు. "చూడు మకోఖా. ఇప్పుడీ మాట బయటపడ్డాక నీ కోసమే చెప్తున్నా. ఆ తలుపు నువ్వే ఊడదియ్. నట్లు తిప్పే పానా నీ దగ్గరే ఉంది. మంచాన పడ్డ పిల్లా నీదే. నీ చేత్తో తీస్తే నీ పెళ్ళాం నోరూ మూసుకుంటుంది, సందు నోరూ మూసుకుంటుంది."

*

కమేనే మూటలు కట్టేసింది. ఎక్కువ లేవు. రాగిపిండి డబ్బా, కప్పులు, ఒక దుప్పటి. ముసెంబి చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మకోఖా పానాతో గుమ్మంలో నిలబడేసరికి ఆమె లేచి వచ్చింది.

"నిన్నే పంపారా?"

"ఊఁ."

"సరే, కానియ్."

జనం కాలవ అవతలే ఆగిపోయారు. గచోకా కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. మకోఖా పై బందుకి పానా వేశాడు. తుప్పు పట్టిన నట్టు మొదట మొరాయించి, తర్వాత లొంగింది. ఊడిన బోల్టులు జేబులో వేసుకున్నాడు. రేకు తలుపు ఒక పక్కకి ఒరిగింది.

"ఆగాగు, కాలి మీద పడుద్ది," అని కమేనే రెండు చేతులతో తలుపు పట్టుకుంది.

తన తలుపు తను పట్టుకుని ఇచ్చింది, తీసేవాడికి దెబ్బ తగలకుండా.

"తప్పు నాదే అన్నా," అంది మెల్లిగా. తలుపు వెనకనుంచి ఆమె ముఖం సగమే కనిపిస్తోంది. "ఆ రోజు వానకి బొగ్గు తడిసిపోయింది. సరిగ్గా మరగలేదు. బడికి టైమవుతోందని పిల్లలు గోల. పోసేశాను."

మకోఖా కింది బందు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నీళ్ళు నువ్విచ్చావని నేనెవరికీ చెప్పలేదు. గుడారంలో అడిగితే ఏటి అవతల పంపువి అన్నాను. లేకపోతే నీ కుళాయి మూయిస్తారు. ఇంతకాలం ఊరికే పోశావు. నీ ఇంటి మీదకి తెస్తానా?"

పానా నట్టు మీంచి జారింది. వేలి చర్మం లేచింది. నోట్లో పెట్టుకున్నాడు.

"పోయేముందు ఒక్కటడుగుతా. వానలప్పటినుంచీ నా జావ మానేశావేం?"

"చెప్పాను కదా. కడుపులో మంట."

"అదేలే. నేనూ అదే అనుకున్నా. పులుపు పడట్లేదేమో అని నీ కోసం రోజూ ఒక కప్పు వేరే తీసేదాన్ని, పులవని పిండితో. ఇవాళ వస్తాడేమో, ఇవాళ వస్తాడేమో అని. నువ్వొచ్చేవాడివి కాదు." ఆమె కొంచెం నవ్వింది. "నంజాలా తాగేసేది. మా నాన్నది నాకే అనేది. పిల్ల కదా, డబ్బులేం తీసుకుంటాను."

మకోఖా నోట్లో వేలు అలాగే ఉండిపోయింది. రక్తం ఉప్పగా తగిలింది.

తన కోసం తీసిన కప్పు. తను ముట్టనిది.

"ఏ నీళ్ళు?"

వెనక నసిమియు. ఎప్పుడు కాలవ దాటిందో ఇద్దరూ చూడలేదు. కుండ తిరిగిచ్చేయడానికి తెచ్చిందో, విసిరికొట్టడానికి తెచ్చిందో, చంకలో ఉంది.

"చీకట్లో దీనికి నువ్వు పోసింది ఏ నీళ్ళు?"

మకోఖా లేవలేదు, తిరగలేదు. నసిమియు అతని మెడ వెనక్కేసి చూసింది. అన్నేళ్ళు నీళ్ళమ్మిన ఆడది. లైను రాకముందు, తెల్లారకముందు, ఊరికే. ఆమెకి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నిన్న హెల్తు అమ్మాయి ముందు గటగటా తాగిన గొంతు ఒకసారి కదిలింది.

పొద్దున్నుంచీ సందంతా అదిరేలా అరిచిన మనిషి, ఇప్పుడు గొంతు దించి అతని చెవి దగ్గర వంగింది.

"తలుపు ఊడదియ్యి."

"నసిమియూ..."

"మాట్లాడకు. ఊడదియ్యి. దీన్ని పోనియ్యి. రాత్రికి సందంతా సద్దుకుంటుంది. కుళాయి పోతే నంజాలాకి మందులెక్కణ్ణుంచి తెస్తావు? అకెలోకి తెలిస్తే మనల్ని బతకనిస్తుందా? తియ్యి."

కమేనే తలుపు పట్టుకునే నిలబడి ఉంది. మొగుడి ముఖం నుంచి పెళ్ళాం ముఖానికీ, అక్కణ్ణుంచి గోడవారనున్న ఖాళీ క్యాన్ వైపుకీ చూసింది. ఆమెకి ఇంకా పూర్తిగా అందలేదు. అందబోతోంది.

"అవతలి చివర పైకెత్తు," అన్నాడు మకోఖా.

కమేనే ఎత్తింది. అతను జేబులోంచి ఒక బోల్టు తీశాడు. పై బందు రంధ్రంలోకి దూర్చి, వేళ్ళతో నట్టు ఎక్కించి, పానా వేసి తిప్పాడు. తుప్పు మీద ఇనుము కీచుమంది.

"ఏంటయ్యా అది!" కాలవ అవతలనుంచి గచోకా కేకేశాడు. "ఊడదియ్యమంటే బిగిస్తున్నావేంటి?"

నసిమియు చెయ్యి అతని భుజం మీద పడి గట్టిగా నొక్కింది. జనంలోంచి అకెలో ఒక్కతే కదిలి, కాలవలోకి దిగి, ఇటు నడుస్తోంది.

"చెప్తాను పెద్దాయనా," అన్నాడు మకోఖా, రెండో బోల్టు తీసుకుంటూ. "ముందీ తలుపు బిగించనియ్యండి. చెప్పిన తర్వాత నన్నీ సందులో ఎవరూ పానా పట్టనివ్వరు."